స్కాట్లాండ్ 1979: నలభై శాతం తొండి

12,30,937 పెద్దదా, 11,53,502 పెద్దదా?

మన ఊరి బడిలో ఐదో తరగతి పిల్లగాన్ని అడిగినా తడుముకోకుండా చెప్తాడు. లండన్ పార్లమెంటు మాత్రం 1979లో రెండోదే పెద్దదని తేల్చింది. మొదటి అంకె స్కాట్లాండ్‌కు సొంత శాసనసభ కావాలన్నవాళ్ల ఓట్లు. రెండోది వద్దన్నవాళ్ల ఓట్లు. కావాలన్నవాళ్లు 77,435 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. శాసనసభ మాత్రం రాలేదు.

ఈ పాత లెక్కను ఇప్పుడు తవ్వడానికి కారణం ఉంది. 2014 సెప్టెంబర్ 18న స్కాట్లాండ్ స్వాతంత్ర్యం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుందని 2013 మార్చిలో ప్రకటన వచ్చింది. అప్పటినుంచి మన సమైక్యవాద మిత్రులకు స్కాట్లాండ్ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఎక్కడ నలుగురు తెలుగువాళ్లు కలిసినా ఇదే పాఠం. "స్కాట్లాండ్‌ను చూసి నేర్చుకోండి. 1979లో వాళ్లను అడిగితే జనమే వద్దన్నారు. బుద్ధిగా ఊరుకున్నారు. ఇరవై ఏండ్లకు అందరిలో ఏకాభిప్రాయం వచ్చాక పార్లమెంటు వచ్చింది. మీరూ ఏకాభిప్రాయం వచ్చేదాకా ఆగండి."

ఎనిమిదేండ్లుగా ఎడిన్‌బరోలో కొలువు చేస్తున్నవాణ్ని. ఈ మూడు మాటలు విని విని చెవులు దిబ్బళ్లు పడ్డాయి. జనం వద్దన్నారు అన్నది అబద్ధం. బుద్ధిగా ఊరుకున్నారు అన్నది అబద్ధం. ఏకాభిప్రాయం వచ్చాక ఇచ్చారు అన్నది అన్నిటికన్నా పెద్ద అబద్ధం. 1979లో స్కాట్లాండ్‌లో ఏం జరిగిందో తెలిసినవాళ్లెవరూ మనకు ఆ సంవత్సరాన్ని పాఠంగా చెప్పే సాహసం చేయరు. నిజానికి ఆ పాఠం మనకే కావాలి, వాళ్లు చెప్పే పద్ధతిలో మాత్రం కాదు.

వాళ్లు అడిగింది ఏమిటి?

ముందు ఒక సంగతి. 1979లో స్కాట్లాండ్ ముందున్న ప్రశ్న వేరే దేశం గురించి కాదు. బ్రిటన్‌లోనే ఉంటూ ఎడిన్‌బరోలో ఒక శాసనసభ. విద్య, వైద్యం, ఇండ్ల నిర్మాణం, స్థానిక సంస్థలు ఆ సభ చూసుకుంటుంది. సైన్యం, విదేశాంగం, కరెన్సీ లండన్ దగ్గరే ఉంటాయి. పన్నులు వేసే అధికారం కూడా ఎడిన్‌బరోకు ఉండదు. మన భాషలో చెప్పాలంటే ఒక రాష్ట్రం, అది కూడా సగం రాష్ట్రం.

స్కాట్లాండ్‌కు 1707 దాకా సొంత పార్లమెంటు ఉండేది. ఆ సంవత్సరం జనవరిలో స్కాటిష్ పార్లమెంటు 110–67 ఓట్లతో ఇంగ్లండ్‌తో విలీనానికి ఒప్పుకుని తనను తాను మూసేసుకుంది. వీధుల్లో జనం అల్లర్లు చేశారు. వద్దంటూ ఊరూరి నుంచి వినతిపత్రాలు వచ్చాయి. జనాన్ని ఎవరూ ఓటు అడగలేదు. కలపడానికి ఏ శాతమూ అవసరం లేదు. ఈ ముక్కను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇరవయ్యో శతాబ్దంలో సొంత పాలన కావాలన్న అడుగు బలపడ్డాక లండన్ ప్రభుత్వాలు చేయాల్సిన పనే చేశాయి. కమిషన్ వేశాయి. ఏ సంవత్సరంలో అనుకున్నారు? 1969లో! ఇక్కడ మన పిల్లలు తూటాలకు ఎదురెళ్తున్న ఏడాదిలోనే అక్కడ కిల్‌బ్రాండన్ పేరుతో తర్వాత ప్రసిద్ధమైన కమిషన్ కూర్చుంది. నాలుగేండ్లు కూర్చుని 1973లో స్కాట్లాండ్‌కు ఎన్నికైన సభ ఉండాలని చెప్పింది. రిపోర్టు అల్మారాకు పోయింది. కమిషన్ల కథలు మనకు కొత్త కాదు కదా.

మరి ఆ రిపోర్టును అల్మారా నుంచి దించింది ఎవరు? ఓటరు. 1974 ఫిబ్రవరి ఎన్నికల్లో స్కాటిష్ నేషనల్ పార్టీ 7 సీట్లు గెలిచింది. అదే ఏడాది అక్టోబర్‌లో మళ్లీ ఎన్నికలొస్తే 11 సీట్లు, స్కాట్లాండ్‌లో 30 శాతం ఓట్లు వచ్చాయి. లేబర్ పార్టీకి అప్పుడు సోయి వచ్చింది. సీటు కదిలితే తప్ప చెవులు పనిచేయని పార్టీలు ఒక్క మన దగ్గరే లేవు.

ఇంకో కారణమూ ఉంది. ఉత్తర సముద్రంలో చమురు పడింది. ఆ చమురు స్కాట్లాండ్‌దేనని ఎస్‌ఎన్‌పీ ఊరూరా చెప్పింది. అది పగటికలని లండన్ నాయకులు ఎగతాళి చేశారు. అదే సమయంలో గావిన్ మెక్రోన్ అనే ప్రభుత్వ ఆర్థికవేత్త మంత్రుల కోసం ఒక నివేదిక రాశారు. స్కాట్లాండ్ స్వతంత్రమైతే దాని ఖజానాలో పెద్ద మిగులు ఉంటుందని, దాని కరెన్సీ యూరప్‌లోనే గట్టి కరెన్సీల్లో ఒకటవుతుందని ఆ నివేదిక సారాంశం. దానిమీద రహస్యం అన్న ముద్ర కొట్టి దాచేశారు. బయటికి వచ్చింది 2005లో. అంటే 1979లో ఓటు వేసిన స్కాటిష్ ఓటరుకు తన సొంత లెక్క తనకు తెలియదు. మిగులు నిధుల ముచ్చట తెలిసిన తెలంగాణ వాడికి ఇంతకన్నా విడమరిచి చెప్పాలా?

తొండి ఎట్లా ఆడారు?

1976 చివర్లో బిల్లు వచ్చింది. 1977 ఫిబ్రవరిలో దాని చర్చకు గడువు పెట్టే తీర్మానం ఓడిపోయి బిల్లు మూలకు పడింది. ఓడించినవాళ్లలో అధికార లేబర్ పార్టీ సభ్యులే ఉన్నారు. మేనిఫెస్టోలో పెట్టింది వాళ్లే, సభలో అడ్డం పడుకున్నది వాళ్లే. సర్కారు మళ్లీ కొత్త బిల్లు తెచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణ పెడతామని ఒప్పుకుంది. సరే, జనం ఓటేస్తే అయిపోతుంది కదా అనుకున్నారు స్కాట్లాండ్ వాళ్లు.

1978 జనవరి 25. స్కాట్లాండ్ మొత్తం తమ కవి రాబర్ట్ బర్న్స్ జయంతికి విందులు చేసుకునే రాత్రి. ఆ రాత్రే లండన్ సభలో ఒక సవరణ ఓటింగుకు వచ్చింది. తెచ్చింది జార్జ్ కన్నింగ్‌హామ్ అనే లేబర్ ఎంపీ. పుట్టింది స్కాట్లాండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో, గెలిచింది లండన్‌లోని ఇజ్లింగ్‌టన్ నుంచి. మన వేలితో మన కన్నే పొడవడం అంటే ఇదే. సవరణ ఏమిటంటే, పోలైన ఓట్లలో మెజారిటీ వస్తే సరిపోదు. ఓటు హక్కు ఉన్న మొత్తం జనంలో కనీసం 40 శాతం మంది 'అవును' అనాలి. లేకపోతే చట్టాన్ని రద్దు చేసే ఉత్తర్వును మంత్రి పార్లమెంటు ముందు పెట్టాలి. ప్రభుత్వం వ్యతిరేకించినా సవరణ 166–151 ఓట్లతో గెలిచింది.

చూడ్డానికి సాధువైన నిబంధన. "నూటికి నలభై మందైనా అడగకపోతే ఎట్లా ఇస్తాం?" అని ఎవరైనా అడిగితే న్యాయమే కదా అనిపిస్తుంది. మోసం ఎక్కడుందో చూడాలంటే పెన్సిల్ పట్టుకోవాలి.

నూటికి నూరు మంది ఓటేస్తే 40 మంది చాలు. 80 మంది వస్తే సగం, అంటే మామూలు మెజారిటీయే. కానీ నూటికి 64 మందే వస్తే? అప్పుడు వచ్చినవాళ్లలో దాదాపు 63 శాతం 'అవును' అనాలి. అంటే 'వద్దు' అనేవాడు చలిలో బూత్ దాకా నడవాల్సిన పనే లేదు. దుప్పటి కప్పుకుని ఇంట్లో పడుకున్నా వాడి ఓటు వాడి లెక్కలో పడుతుంది. ఎటూ తేల్చుకోలేక ఇంట్లో కూర్చున్నవాడిది కూడా 'వద్దు'లోకే పోతుంది. మంచాన పడ్డవాళ్లు, ఊళ్లో లేనివాళ్లు, ఇల్లు మారినా జాబితాలో పేరు మారనివాళ్లు అందరూ ఒకే పక్షం. కబడ్డీలో ఒక జట్టుకు ఏడుగురు ఆడుతుంటే, ఇంకో జట్టులో గ్యాలరీలో కూర్చున్నవాళ్లను కూడా కలిపి లెక్కపెట్టినట్టు.

చచ్చినవాళ్ల ఓట్లు కూడా 'వద్దు'లో కలిపారని ఇక్కడ ఇప్పటికీ అంటుంటారు. అది పూర్తిగా నిజం కాదు. చనిపోయినవాళ్లను, రెండు చోట్ల పేర్లున్న విద్యార్థులను అంచనా వేసి తీసేశాకే శాతం కట్టారు. నిజం చెప్పినా మన వాదానికి వచ్చే లోటేమీ లేదు. ఆ తీసివేతలన్నీ అయ్యాకే లెక్క ఇట్లా తేలింది.

1979 మార్చి 1. పోలింగ్ దాదాపు 64 శాతం. అవును 51.6 శాతం, కాదు 48.4 శాతం. మొత్తం ఓటర్లలో 'అవును' అన్నవాళ్లు 32.9 శాతం. గెలిచారు, కాబట్టి ఓడిపోయారు!

ఇప్పుడు ఈ కొలబద్దనే పట్టుకుని రెండు నెలలు ముందుకు రండి. మే 3న బ్రిటన్ సాధారణ ఎన్నికలు. మార్గరెట్ థాచర్ పార్టీకి పోలైన ఓట్లలో 43.9 శాతం వచ్చాయి. పోలింగ్ 76 శాతం. గుణించి చూడండి. మొత్తం ఓటర్లలో ఆమెకు ఓటేసింది 33 శాతం చిల్లర. అంతే! 32.9 శాతం మంది అడిగితే పన్నులు కూడా వేయలేని ఒక చిన్న సభ ఇవ్వడం అప్రజాస్వామికం. 33 శాతం చిల్లర వస్తే సైన్యం, ఖజానా, అణుబాంబు సహా దేశం మొత్తం అప్పజెప్పడం ప్రజాస్వామ్యం. 1975లో యూరోపియన్ కమ్యూనిటీలో ఉండాలా వద్దా అని దేశమంతా ఓటేసినప్పుడు ఈ 40 శాతం ఎవరికీ గుర్తుకు రాలేదు. 1707లోనూ గుర్తుకు రాలేదు. స్కాట్లాండ్ తనకోసం తాను అడిగినప్పుడే గుర్తుకొచ్చింది.

"ఇప్పుడు వద్దనండి, తర్వాత మంచిది ఇస్తాం"

అయితే మొత్తం నింద ఆ నిబంధన మీదే వేసి చేతులు దులుపుకుంటే మనం నేర్చుకునేది ఏమీ ఉండదు. 51.6 శాతం ఎందుకు 63 శాతం కాలేదు? అంతకుముందు సర్వేల్లో 'అవును' పక్షం బాగా ముందుండేది. ఏమైంది?

మొదటిది, ఐక్యత లేదు. 'అవును' అనేవాళ్లు ఎవరి దుకాణం వాళ్లు పెట్టుకున్నారు. ఎస్‌ఎన్‌పీతో ఒకే వేదిక ఎక్కేది లేదని లేబర్ తేల్చి చెప్పింది. అదే లేబర్ నుంచి టామ్ డాల్యెల్, రాబిన్ కుక్ వంటి నాయకులు 'వద్దు' అంటూ ప్రచారం చేశారు. జెండాలు ఎన్నున్నా ఎజెండా ఒక్కటే కావాల్సిన చోట, ఎజెండా కన్నా జెండా బరువెక్కింది. జేఏసీలో ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరి ఫొటో పెద్దగా ఉండాలి అని కొట్టుకునే మనవాళ్లకు ఈ పేరా అంకితం.

రెండోది, సమయం. ఆ చలికాలమంతా సమ్మెలు. లారీలు ఆగాయి, ఆస్పత్రుల్లో పనులు ఆగాయి, ప్రభుత్వం పేరు చెబితేనే జనం మండిపడుతున్నారు. ఆ ప్రభుత్వం చేతిలోంచి వచ్చిన చట్టం కాబట్టి ఆ కోపం దీనికీ అంటింది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఫిబ్రవరి 14న ఎడిన్‌బరోలో ఒక పెద్దమనిషి ఉపన్యాసం ఇచ్చారు. సర్ అలెక్ డగ్లస్-హోమ్. బ్రిటన్ మాజీ ప్రధాని, స్వయంగా స్కాటిష్ వాడు. అంతకు పదేండ్ల కింద స్కాట్లాండ్‌కు సభ ఉండాలని చెప్పిన కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే. అందుకే ఆయన మాటకు విలువ. ఆయన చెప్పిన దాని సారం ఇది. నేను స్వపరిపాలనకు వ్యతిరేకిని కాను. కానీ ఈ చట్టం బాగాలేదు. పన్నుల అధికారం లేదు, ఎన్నికల పద్ధతి సరిగా లేదు. ఇప్పుడు 'వద్దు' అనండి, ఇంతకన్నా మెరుగైన చట్టం వస్తుంది.

ఎంత తీయటి మాట! శత్రువు వచ్చి వద్దంటే జనం తిరగబడేవాళ్లు. మన మనిషే వచ్చి, మన మేలు కోరి, ఇంకా ఎక్కువ ఇప్పిస్తానని వద్దన్నాడు. ఎంతమంది మనసు మార్చుకున్నారో ఎవరూ కొలవలేరు. కానీ ఆ మాట నిలబడిందా లేదా అన్నది మాత్రం కొలవొచ్చు. ఆయన పార్టీ మేలో అధికారంలోకి వచ్చింది. జూన్‌లో ఆ చట్టాన్ని రద్దు చేసింది. మెరుగైన చట్టం కోసం తర్వాత పద్దెనిమిదేండ్లు చూసినా ఆ పార్టీ అర్ధ పేజీ కూడా తేలేదు.

మార్చి 28 రాత్రి

ఓటింగ్ తర్వాత ప్రధాని కాలహాన్ ముందు ఒక దారి ఉండింది. నిబంధన చట్టాన్ని దానంతటదే చంపదు. రద్దు ఉత్తర్వును సభ ముందు పెట్టమంటుంది, అంతే. సభ ఆ ఉత్తర్వును ఓడిస్తే చట్టం బతుకుతుంది. మెజారిటీ జనం అవునన్నారు, రద్దును ఓడించండి అని తన పార్టీని అడిగే ధైర్యం ఆయన చేయలేదు. చర్చలు జరుపుదాం అన్నాడు. విస్తృత సంప్రదింపులు! ఈ మాట 2009 డిసెంబర్ 23న మనమూ విన్నాం.

ఎస్‌ఎన్‌పీకి ఓపిక నశించింది. అవిశ్వాస తీర్మానం పెట్టింది. వెంటనే థాచర్ తన తీర్మానం పెట్టింది. మార్చి 28 రాత్రి 311–310. ఒక్క ఓటుతో ప్రభుత్వం కూలిపోయింది. క్రిస్మస్ తొందరగా రావాలని టర్కీ కోళ్లే ఓటేస్తున్నాయని ఆ రోజు కాలహాన్ ఎస్‌ఎన్‌పీని వెక్కిరించాడు. దసరా ముందుకు జరపమని మేకపోతు అర్జీ పెట్టుకున్నట్టు అని మనం అనుకోవచ్చు. మాట నిజమే అయింది. మే ఎన్నికల్లో ఎస్‌ఎన్‌పీ 11 నుంచి 2 సీట్లకు పడిపోయింది.

ఇక్కడ ఒక తప్పుడు తీర్పు చాలాకాలంగా చలామణిలో ఉంది. థాచర్‌ను తెచ్చింది ఎస్‌ఎన్‌పీయే అని. మాట ఇచ్చి తప్పినవాడిది తప్పు కాదు, తప్పినందుకు నిలదీసినవాడిది తప్పు! ఎస్‌ఎన్‌పీ ఎత్తుగడ తెలివైనదేనా అంటే నేను కాదంటాను. కోపానికి లెక్కలు రావు. కానీ గెలిచిన ఓటును గౌరవించి ఉంటే ఆ రాత్రి వచ్చేదే కాదు. ఈ మూలాన్ని వదిలేసి కొమ్మలు లెక్కపెట్టేవాళ్లు మన దగ్గర కూడా ఉన్నారు. ఇచ్చిన ప్రకటన వెనక్కి తీసుకున్నవాళ్లను వదిలేసి, రోడ్డు మీదికొచ్చిన విద్యార్థిని తిడతారు.

పద్దెనిమిదేండ్ల ఖరీదు

'బుద్ధిగా ఊరుకున్నారు' అన్న రెండో అబద్ధం సంగతి చూద్దాం.

ఎడిన్‌బరోలో కాల్టన్ హిల్ అని ఒక గుట్ట ఉంది. దాని ఒడ్డున పాత రాయల్ హైస్కూల్ భవనం. కొత్త శాసనసభ ఇందులోనే అని ముందుగానే సభామందిరం సిద్ధం చేశారు. శాసనసభ్యులు రాలేదు. 1992 ఎన్నికల్లో నాలుగోసారి కూడా స్కాట్లాండ్ వద్దన్న పార్టీయే లండన్‌లో గెలిచినప్పుడు కొందరు వచ్చి ఆ భవనం ఎదురుగా నిప్పు రాజేసుకుని కూర్చున్నారు. పార్లమెంటు వచ్చేదాకా లేవమన్నారు. 1,980 రోజులు, రాత్రీ పగలూ, స్కాట్లాండ్ వానలో, మంచులో. మన చౌరస్తాల్లో రిలే దీక్షల టెంట్లు చూసినవాళ్లకు ఆ దృశ్యం కొత్తగా ఉండదు. ఇదేనా ఊరుకోవడం?

ఊరుకోలేని కారణాలు లండన్ ఇస్తూనే ఉంది. 1987లో స్కాట్లాండ్‌లోని 72 సీట్లలో థాచర్ పార్టీ గెలిచింది 10. అయినా పాలించింది ఆమే. ఎందుకంటే సభలో ఇంగ్లండ్ సీట్లే ఎక్కువ. సంఖ్యాబలం వేరే ప్రాంతానిదైతే నీ ఓటు ఎటు పడ్డా తీర్పు ఒకటే. 1989 ఏప్రిల్‌లో పోల్ టాక్స్ వచ్చింది. ధనికుడైనా పేదైనా తలకింత కట్టాలి. దాన్ని ఇంగ్లండ్ కన్నా ఒక సంవత్సరం ముందు స్కాట్లాండ్ మీద రుద్దారు. స్థానిక సంస్థలు చూసుకునే సొంత సభ ఉంటే ఆ పన్నును అంత సులువుగా మోపగలిగేవాళ్లా? లిన్‌వుడ్ కార్ల ఫ్యాక్టరీ 1981లో మూతపడింది. రేవెన్స్‌క్రెయిగ్ ఉక్కు కర్మాగారం 1992లో మూతపడింది. ఎడిన్‌బరో సభ ఉన్నా ఆ ఫ్యాక్టరీలు నిలిచేవని నేను అనను. మా కష్టం ఇది అని మాట్లాడటానికి ఒక చోటు ఉండేది. ఆ చోటే లేకుండా పోయింది. 1979లో పదేండ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు పార్లమెంటు వచ్చేసరికి ముప్పై ఏండ్లు నిండాయి. ఒక తరం మొత్తం వెయిటింగ్ రూంలో గడిచిపోయింది.

'ఏకాభిప్రాయం' అనే అబద్ధం

ఇక మూడోది. 1997 సెప్టెంబర్ 11న మళ్లీ ఓటింగ్ పెట్టారు. పార్లమెంటు కావాలన్నవాళ్లు 74.3 శాతం. "చూశారా, ఏకాభిప్రాయం వచ్చాకే వచ్చింది" అంటారు మన మిత్రులు. నాలుగింట ఒకరు వద్దన్నారంటే అది ఏకాభిప్రాయం ఎట్లా అయిందో వాళ్లే చెప్పాలి. అదట్లా ఉంచండి. అసలు సంగతి, 1997లో 40 శాతం నిబంధనే పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో మళ్లీ పెన్సిల్ పట్టుకుంటే తెలుస్తుంది.

ఆ రోజు రెండు ప్రశ్నలు అడిగారు. రెండోది, పార్లమెంటుకు పన్నుల అధికారం ఉండాలా అని. 63.5 శాతం ఉండాలన్నారు. పోలింగ్ 60 శాతం. మొత్తం ఓటర్లలో అది 38 శాతం. అంటే పాత నిబంధన ఉంటే అంత పెద్ద మెజారిటీ కూడా ఓడిపోయేది! వారం తర్వాత వేల్స్‌లో ఓటింగ్ జరిగింది. అక్కడ 1979లో ప్రతి ఐదుగురిలో నలుగురు వద్దన్నారు. 1997లో 6,721 ఓట్ల తేడాతో అవునన్నారు. పోలింగ్ సగం మాత్రమే. అంటే మొత్తం ఓటర్లలో నాలుగింట ఒక వంతు. వేల్స్‌కు సభ వచ్చింది. ఏమీ కొంపలు మునగలేదు. 2012 అక్టోబర్‌లో ఎడిన్‌బరోలో కామెరాన్, సామండ్ సంతకాలు పెట్టిన ఒప్పందంలో కూడా శాతాల గడప ఏదీ లేదు. 2014లో దేశమే విడిపోయే ప్రశ్నకు సైతం సగం కన్నా ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలన్నారు. తాము ఆడిన తొండికి లండన్ తానే ఇంత స్పష్టంగా సమాధి కట్టింది. ఆ సమాధిని తవ్వి మనకు ప్రసాదంగా పంచుతున్నారు మన మిత్రులు.

ఇంకో వాదన కూడా ఉంది. 1979లో స్కాట్లాండ్‌లోని పన్నెండు ప్రాంతాల్లో ఆరు వద్దన్నాయి కదా అని. నిజమే. బోర్డర్స్, గ్రాంపియన్, టేసైడ్, ఆర్క్‌నీ, షెట్లాండ్ వంటివి. గ్లాస్గో నగరం తమను మింగేస్తుందని వాళ్ల భయం. ఆ భయాన్ని తీసిపారేయొద్దు, వినాలి, భరోసా ఇవ్వాలి. 1997లో ఆ ప్రాంతాలు సైతం పార్లమెంటుకు అవునన్నాయి. వాళ్ల మనసు మార్చింది నలభై శాతం నిబంధన కాదు, లండన్ పాలన రుచి.

మనకు ఇందులో ఏముంది?

మొదట గుర్తుపెట్టుకోమన్న ముక్క దగ్గరికి వస్తున్నాను. కలపడానికి ఏ గడపా ఉండదు, విడిపోవడానికి ఎక్కడలేని గడపలు పుట్టుకొస్తాయి. మన దగ్గర ఇంకా విచిత్రం. కలపడానికి గడప పెట్టినా దాన్ని దాటకుండానే కలిపేశారు. 1955లో ఫజల్ అలీ కమిషన్ ఏం చెప్పింది? హైదరాబాద్ రాష్ట్రాన్ని విడిగా ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపమంది. ఎన్నికలు రాలేదు, ఆ ఓటు జరగలేదు, 1956 నవంబర్ 1న విలీనం జరిగిపోయింది. అప్పుడు మూడింట రెండు వంతులు అక్కర్లేదన్నవాళ్లు, 2013లో ప్రతి పార్టీ, ప్రతి ప్రాంతం, ప్రతి నాయకుడు ఒప్పుకోవాలన్నారు.

రాజ్యాంగం మూడో అధికరణం ఏం చెప్తుంది? కొత్త రాష్ట్రం పార్లమెంటు మామూలు మెజారిటీతో ఏర్పడుతుంది. శాసనసభ అభిప్రాయం అడగాలి, ఆ అభిప్రాయానికి కట్టుబడాల్సిన పని లేదు. 'ఏకాభిప్రాయం' అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఇది మన కన్నింగ్‌హామ్ సవరణ. తేడా ఒక్కటే. ఆయన సవరణను సభలో ఓటుకు పెట్టి గెలిపించుకున్నాడు, శాతం ఎంతో కాగితం మీద రాశాడు. మన దగ్గర ఓటింగూ లేదు, కాగితమూ లేదు, శాతమూ లేదు. ఎంత ఎక్కినా ఇంకో మెట్టు ఉంటుంది. నెలలో తేలుస్తామన్నారు, 2013 జనవరి 28 వచ్చింది, పోయింది.

డగ్లస్-హోమ్‌ను కూడా మరవొద్దు. శ్రీకృష్ణ కమిటీ ఆరో ఆప్షన్ పేరుతో, ప్యాకేజీల పేరుతో, ప్రాంతీయ మండలి పేరుతో ఆయన మన గడపల్లోనూ తిరిగాడు. తెలంగాణకు తాను వ్యతిరేకిని కానంటాడు. ఈసారికి ఊరుకోండి, ఇంకా మంచిది ఇప్పిస్తానంటాడు. ఆయన మన భాషలోనే, మన యాసలోనే మాట్లాడతాడు కాబట్టి పైలంగా ఉండాలి. స్కాట్లాండ్‌లో ఆ మాట నమ్మిన ఖరీదు పద్దెనిమిదేండ్లు. మనం 1956 నుంచి 2014 దాకా ఆ ఖరీదు కడుతూనే వచ్చాం.

1979ని ఓటమిగా చూస్తే ఒక మాట, విత్తనంగా చూస్తే ఇంకో మాట. మే ఎన్నికల్లో సీటు పోగొట్టుకున్న విన్నీ యూయింగ్ వచ్చే నెలలోనే యూరోపియన్ పార్లమెంటుకు గెలిచింది. ఇరవై ఏండ్ల తర్వాత 1999 మేలో, వయసులో అందరికన్నా పెద్ద సభ్యురాలిగా స్కాటిష్ పార్లమెంటు తొలి సమావేశానికి అధ్యక్షత వహించింది. 1707లో వాయిదా పడ్డ సభ మళ్లీ మొదలైందని ప్రకటించింది. ఓటమి ఏడాదిలో ఎస్‌ఎన్‌పీలో తర్జనభర్జన పడిన కుర్రవాళ్ల గుంపులో అలెక్స్ సామండ్ కూడా ఉన్నాడు. 2007 నుంచి 2014 దాకా ఆయన స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్‌గా ఉన్నాడు. తొండి ఆడి ఆటను వాయిదా వేయించగలిగారు గానీ ఆట ముగించలేకపోయారు.

కాబట్టి మిత్రులారా, ఈసారి ఎవరైనా మీకు స్కాట్లాండ్ పాఠం చెప్పొస్తే వాదన పెట్టుకోకండి. ఒక కాగితం, ఒక పెన్సిల్ ఇవ్వండి. 12,30,937 పెద్దదా, 11,53,502 పెద్దదా అని అడగండి. జవాబు చెప్పాక, మరి మీరు అడుగుతున్న ఏకాభిప్రాయం ఎంత శాతమో అంకె వేయమనండి. ఆ అంకె వాళ్లు వేయరు. వేస్తే మనం దాన్ని దాటుతామని వాళ్లకు తెలుసు.

జై తెలంగాణ!